ప్రమీల చంద్రయుద్ధం

చంద్రుడి మీద యుద్ధం చేస్తున్నది ఎవరని అడిగితే సూరత్ నవాగామ్‌లోని ఆ గల్లీలో ఎవరైనా సరే మూడో ఇంటి మెట్లు చూపిస్తారు. మెట్లెక్కితే ఒకటే గది. గదిలో నడుమెత్తు చీరల మూటలు, మూటల మధ్య కత్తెర పట్టుకుని ప్రమీల. చీరల మీద వేలాడే దారప్పోగులు కత్తిరించడం ఆమె పని, దీన్ని ఇక్కడ ధాగా కటింగ్ అంటారు. పొద్దున టెంపోవాడు పడేసి పోయిన మూటలు సాయంత్రానికి అప్పజెప్పాలి. మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక మాత్రం కాసేపు కత్తెర పక్కన పెట్టి, ఫోను తీసుకుని, మూటల సందులో దూరి యుద్ధం మొదలుపెడుతుంది. కింద ఎంబ్రాయిడరీ మిషన్లు, బయట రిక్షాల హారన్లు ఎంత గోల పెట్టనీ, చీరల మూటలు అన్నిటినీ మింగేస్తాయి. ఇంత మంచి రికార్డింగు గది ఇంకెవరికీ ఉండదని ఆమె గర్వం. ఉండనివ్వండి, అందులో తప్పేముంది?

ఆమె అల్లి చెప్పే కథ పేరు 'చంద్రుని మీద ఫిరంగి'. కథలు వినే యాప్ ఒకదాంట్లో శుక్రవారం శుక్రవారం సాయంత్రం ఒక్కో భాగం వస్తుంది. మన మనవల కాలంలో జరిగే కథ. చంద్రుడి మీద ఎండ సోకని గుంటలో మంచుగడ్డ ఉంటుంది. అక్కడ బతకాలంటే ఆ నీళ్లే దిక్కు. దానికోసం రెండు దేశాలు కొట్టుకుంటాయి. గుంట అంచున మన ఫిరంగి ఒకటి, దాని జట్టులో రాఘవ, అంజి అని ఇద్దరు సిరిసిల్ల పిల్లలు. రేడియోలో మాట్లాడితే శత్రువు వింటాడు. అందుకని వీళ్లు రేడియో బంద్ చేసి, హెల్మెట్ అద్దంలోంచి ఒకరి పెదాలు ఒకరు చూసుకుంటూ మాట్లాడుకుంటారు. మగ్గాల మధ్య పెరిగిన పిల్లలకు చప్పుడుతో పనేముంది?

మగ్గాల షెడ్డు చూడనివాళ్లకు ఇది చెప్పాలి. అన్ని మగ్గాలూ ఒక్కసారి ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. అక్కడ ఎవరూ గొంతు చించుకోరు. ముఖంలోకి చూసి, గొంతు లేకుండా పెదాలు కదుపుతారు, అంతే. పెళ్లి సంబంధాలూ, అప్పుల బాధలూ, శేఠ్‌ను తిట్టే తిట్లూ అన్నీ అలాగే నడుస్తాయి. ప్రమీల పెళ్లికి ముందు సిరిసిల్లలో, పెళ్లయ్యాక సూరత్‌లో మగ్గాలకు దారం కండెలు చుట్టింది. నడుము పట్టేశాక షెడ్డు మానేసి ఇంటి పని పట్టింది గానీ, పెదాలు చదివే ఆ చూపు మాత్రం పోలేదు.

ఇక ఫిరంగి సంగతి ఆమెకెలా తెలుసంటే, ఫిరంగి మనిషి ఇంట్లోనే ఉన్నాడు. భర్త లింగానికి అన్న, ఆమెకు బావ, ఆగయ్య. కుర్రతనంలో మిల్ట్రీలో చేరాడు. కార్గిల్ యుద్ధంలో రాత్రీ పగలూ ఫిరంగి కాల్చి కాల్చి రెండు చెవులూ పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. పెళ్లి వద్దన్నాడు. తమ్ముడి వెంట సూరత్ వచ్చి మగ్గం పట్టాడు. షెడ్డులో అడుగుపెట్టిన మొదటిరోజు చుట్టూ చూసి, "ఇక్కడ అందరు చెవిటోళ్లే గదరా లింగం, నాకు మంచిగుంటది" అని నవ్వాడట. నిజంగానే మంచిగుంది. షెడ్డులో ఆయనకు తక్కువైనదేమీ లేదు. ఇంట్లో ప్రమీల పెదాలతో చెబుతుంది, ఆయన గొంతెత్తి జవాబిస్తాడు. తన గొంతు తనకు వినపడదు గనుక ఆ జవాబు గల్లీ చివరి దాకా పోతుంది. ఇరుగుపొరుగుకు అలవాటే.

రికార్డు చేసే ముందు ప్రతి భాగాన్నీ ప్రమీల బావకు పెదాలతో చెప్పి చూపిస్తుంది. ఆయన మూటకు ఆనుకుని కూర్చుని తప్పులు పడతాడు. ఫిరంగి పేలితే వెనక్కి ఎంత తన్నుతుందో, గుండు ఎవరు ఎత్తాలో, గొట్టం ఎవరు తుడవాలో చేతులతో ఆడి చూపిస్తాడు. ఒకరోజు ఆమె మధ్యలో ఆగింది.

"బావా, చంద్రుని మీద గాలి లేదట. మరి ఫిరంగి పేలితే సప్పుడెట్ల అస్తది?"

"గాలి లేకపోతే సప్పుడే రాదా?"

"రాదట."

"ఓర్నీ! గట్లయితే నన్ను గాడికి పంపాల్సింది, చెవులన్న మిగులుతుండె!" అని ఆగయ్య పడీ పడీ నవ్వాడు. ప్రమీలకూ నవ్వాగలేదు. కింద మిషన్ల దగ్గరి నుంచి ఎవరో పైకొచ్చి ఏమైందని చూసిపోయారు.

రాఘవ అనే ఆ పిల్లవాడు గాల్లోంచి పుట్టలేదు. గోడ మీద దేవుడి పటాల పక్కన ఒక ఫొటో ఉంది. ఫిరంగి ముందు ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు ఆగయ్య, రెండోవాడు రఘుపతి. ఇద్దరిదీ సిరిసిల్లే, ఇద్దరూ మగ్గాల ఇళ్లలో పుట్టినవాళ్లే. ఫిరంగి మోతకు పక్కవాడి మాట వినపడకపోతే జట్టంతా తిప్పలు పడేది, వీళ్లిద్దరు మాత్రం షెడ్డులో ఉన్నట్టే పెదాలతో పని నడిపేవాళ్లు. రఘుపతి జేబులో ఎప్పుడూ పుట్నాలుండేవి. అక్కడే, ఆ కొండల మీదే, శత్రువు గుండు పక్కన పడి చనిపోయాడు. ఇదంతా ఆగయ్య చెప్పినదే. గుండు పడ్డాక ఏం జరిగిందన్నది మాత్రం ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

ప్రమీల కథలోనూ రాఘవ జేబులో పుట్నాలుంటాయి. రఘుపతి ఇంటివాళ్లు గుర్తుపట్టడానికి అది చాలింది. సిరిసిల్ల నుంచి రఘుపతి తమ్ముడి బిడ్డ హారతి ఫోన్ చేసింది. "చిన్నమ్మా, మా నానమ్మకు నీ కథ ఇనిపిస్తున్న. రాఘవ అంటే మా రఘుపతి పెద్దబాపే అంటది. నా కొడుకు సావలే, చంద్రుని మీద డ్యూటీల ఉన్నడు అని నవ్వుతది. శుక్రారం అస్తే చాలు, పొద్దుగూకకముందే అన్నం తిని కూసుంటది" అంది. నానమ్మ అంటే రఘుపతి తల్లి ఐలమ్మ. ఆ మాట వింటుంటే ప్రమీలకు ఒక పక్క సంతోషం, ఒక పక్క గుండెలో రాయి పడినట్టయింది. ఎందుకంటే ఆ వారమే రాఘవ చనిపోవాలి. రాసుకున్న కథ అది.

గురువారం మధ్యాహ్నం ఆగయ్య ముందు కూర్చుని ఆ భాగం చెప్పింది. శత్రువు గుండు పడుతుంది. పెచ్చు ఒకటి వచ్చి రాఘవ సూటు పైపొరను చీలుస్తుంది. లోపలి వెచ్చదనం కొంచెం కొంచెంగా బయటికి పోతుంటుంది. సాయం రావడానికి చాలాసేపు పడుతుంది. అంజి చేయి పట్టుకుని కూర్చుంటాడు. ఆఖరుకు రాఘవ తల్లిని తలుచుకుని పెదాలు కదుపుతాడు: 'ఇప్పుడు సలి పెడ్తలేదురా. అవ్వకు చెప్పు.'

ఆగయ్య ముఖంలో రక్తం లేదు.

"ఎవరు జెప్పిండ్రు నీకు?" గొంతు పగిలేలా అరిచాడు.

 దాచి లాభం లేదనుకుంది ప్రమీల. "నువ్వే చెప్పినవ్ బావా."

"నేనా? నేనెన్నడు చెప్పిన?"

"ఫొటోకు చెప్పినవ్. ఏడాదికొకసారి తానం చేసి నిలబడతవ్ గదా. నేను గీడనే కూసొని దారాలు కత్తిరిస్తుంటి."

 ఆగయ్య ఏటేటా రఘుపతి పోయిన రోజున ఆ ఫొటో ముందు నిలబడి పెదాలు కదిపేవాడు. ఇంట్లో అందరూ ఏదో మంత్రం అనుకున్నారు. గొంతు రానివ్వలేదు కాబట్టి అది తనకూ రఘుపతికీ మధ్యే ఉందని ఆయన ధీమా. బతుకంతా పక్కవాళ్ల పెదాలు చూసి బతికే మనిషి, కండెలు చుట్టిన మరదలిని పక్కన పెట్టుకుని ఆ ధీమాతో ఉన్నాడు! ప్రమీలకు మాత్రం మొదటి ఏడే అర్థమైంది. ఆయన ప్రతిసారీ చివర ఒకే మాట అనేవాడు: 'ఈ ఏడు గూడ అవ్వకు చెప్పలేదురా.' అది చూసి ఎన్నోసార్లు ఏడ్చింది. ఏడ్చి ఊరుకుంటే బాగుండేది. కథలో పెట్టింది. ఇప్పుడు ఆమెకు తల ఎత్తాలంటే సిగ్గుగా ఉంది.

"బావా, తప్పయింది. నిన్ను అడగాల్సుండె."

ఆగయ్య మూటకు వీపు ఆనించాడు. తర్వాత మామూలుకన్నా చిన్న గొంతుతో, అంటే పక్కింటికి మాత్రమే వినపడేలా, చెప్పాడు. "వాణ్ని ఇంటికి తెచ్చిన నాడు అవ్వ ఒక్కటే అడిగింది. బాధపడ్డడా బిడ్డా అని. ఏం చెప్తం? లేదవ్వా, ఒక్క ఘడియల పోయిండు, వానికే తెల్వదు అన్న. మిల్ట్రీల అందరం గట్లనే చెప్తం. గా తల్లి ముఖం చూసి ఇంకేం చెప్తవ్? ఇగ ఒక్క ఘడియల పోయినోడు మాటెట్ల చెప్తడు? వాడు చెప్పుమన్న మాట నా నోట్లనే ఉండిపాయె. రేపు నీ కథ ఇంటే అవ్వకు తెలుస్తది. నా కొడుకు గంతసేపు తల్లడిల్లిండా, ఈ ఆగిగాడు నాకు అబద్ధం చెప్పిండా అనుకుంటది. ముసల్ది తట్టుకోదు ప్రమీలా."

"నేను మారుస్త బావా. ఒక్క ఘడియలనే పోయినట్టు చెప్త."

ఆయన తల ఊపి సాయంత్రం పాళీకి, అంటే రాత్రి షిఫ్టుకు, షెడ్డుకు వెళ్లిపోయాడు. ఆ రోజు దారాలు కత్తిరిస్తూ ప్రమీల రెండు చీరలకు చిల్లులు పెట్టింది. మర్నాడు పొద్దున్నే కొత్త భాగం రికార్డు చేసింది. గుండు పడుతుంది, రాఘవ ఉండడు. అంతే. చప్పున అయిపోయింది. పాళీ దిగి వచ్చిన ఆగయ్యను కూర్చోబెట్టి పెదాలతో చెప్పింది. చెప్పడం అయిపోయింది.

"మరి మాటేది?" అన్నాడాయన.

"ఏ మాట?"

"వాని మాట. సలి మాట."

"ఒక్క ఘడియల పోయినోడు ఎట్ల చెప్తడు బావా? నువ్వే అంటివి గదా."

ఆగయ్య ఫొటో వైపు చూశాడు. చూస్తూ చూస్తూ కళ్లలో నీళ్లు నిండాయి. "నేను చేసిందే నువ్వు గూడ చేసినవ్" అన్నాడు. కోపంగా కాదు. తర్వాత లేచి స్నానం చేశాడు. గడ్డం గీసుకున్నాడు. పండక్కి తొడిగే తెల్ల అంగీ తొడుక్కుని వచ్చి మూటల ముందు కూర్చున్నాడు. "హారతికి ఫోన్ కలుపు. బొమ్మ కనపడే ఫోన్. సాయంత్రం నీ కథ రాకముందే నేను చెప్పాలె."

"అవ్వ తట్టుకుంటదా బావా?"

"ఏమో. నా భయం నాకున్నది. కలుపు."

ప్రమీల ఫోనును చీరల మూటకు ఆనించి నిలబెట్టింది. తెర మీద మొదట ఐలమ్మ నుదురొక్కటే కనపడింది. హారతి ఫోన్ సర్దితే ముఖమంతా వచ్చింది. ముడతలు, పెద్ద బొట్టు, నవ్వు. "ఏం ఆగయ్యా, గిన్నేండ్లకు యాదికచ్చిన్నా? రాఘవ మంచిగున్నడా చంద్రుని మీద?"

ఆగయ్య నోరు తెరిచాడు. ఎప్పుడూ గల్లీ అదిరేలా మాట్లాడే మనిషికి గొంతే రాలేదు. షెడ్డులో లాగా పెదాలు కదపడం మొదలుపెట్టాడు. ఐలమ్మ ఫోను దగ్గరికి జరిగి కళ్లు చిట్లించింది. ఆమె కూడా వయసంతా కండెలు చుట్టిందే.

'అవ్వా, నేను నీకొక అబద్ధం చెప్పిన' అన్నంత వరకే ప్రమీల చూసింది. గబుక్కున మళ్లి గోడ వైపు కూర్చుంది. ఇన్నేళ్లూ దొంగతనంగా చూసింది చాలు, ఈసారి చూడకూడదనుకుంది. ఒళ్లో ఉన్న చీరను గట్టిగా పట్టుకుంది. వెనక ఆగయ్య వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఐలమ్మ గొంతు ఒక్కటే వస్తోంది.

"ఘడియల పోలేదా?"

కొంచెంసేపు ఏమీ లేదు.

"ఎంతసేపున్నడు? ... నువ్వు పక్కకే ఉన్నవా? ... చెయ్యి పట్టుకున్నవా బిడ్డా?"

మళ్లీ ఏమీ లేదు. ఈసారి చాలాసేపు.  ముసలామె పడిపోయిందేమోనని ప్రమీల తిరగబోయి ఆగింది.

"ఏమన్నడు?" అంది ఐలమ్మ. "సలి పెడ్తలేదన్నడా? నాకు చెప్పుమన్నడా?"

అటు నుంచి ఏడుపు వినపడింది. హారతి "నానమ్మా, నానమ్మా" అంటోంది. ఆ ఏడుపులోనే ఐలమ్మ మాట్లాడింది. "గంత సలిల పోయిండు నా కొడుకు అని, గప్పటిసంది సలికాలం నేను దుప్పటి కప్పుకోలే ఆగయ్యా. ఒక్కనాడు కప్పుకోలే. కోడలు కప్పుతే తీసి పారేస్తుంటి. వానికి లేంది నాకెందుకని." ముక్కు చీదుకుంది. "మల్లొక్కసారి చెప్పు బిడ్డా. నా కండ్లు మసకలు. ఏమన్నడు?"

అప్పుడు ఆగయ్యకు గొంతు వచ్చింది. కింద మిషన్లు ఆడుతూనే ఉన్నా గల్లీ మొత్తానికీ వినపడింది.

"సలి పెడ్తలేదన్నడవ్వా!"

ప్రమీల కళ్లు తుడుచుకుంది. పొద్దున చేసిన రికార్డింగును చెరిపేసి, మొదట రాసుకున్నదాన్నే రికార్డు చేసి సాయంత్రానికి పెట్టింది.