జల్లెడ దొంగ

నా అక్షరాలు వంకరగా ఉంటాయి. తప్పులూ ఉంటాయి. అయిదో తరగతితో ఆపేసినదాన్ని, మన్నించండి.

మా మామ పోయిన వారం మిర్యాలగూడ దవాఖానలో చనిపోయాడు. ఫోన్ వచ్చినప్పుడు నేను షెడ్డులో డీజిల్ డబ్బా ముందు కూర్చుని పిస్టన్లు కడుగుతున్నాను. ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. వాటినీ కడిగి, గుడ్డ మీద బోర్లించి, అప్పుడు లేచాను. ఏడుపు రాలేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మెకానిక్ అన్నలు మీరంతా కలిసి ఆయన మీద చిన్న పుస్తకం వేస్తామన్నారు. ఇంటివాళ్ళు కూడా నాలుగు మాటలు రాసివ్వాలన్నారు. మా ఆయన పెన్ను నా చేతిలో పెట్టి, "నువ్వే రాయి, మంచిగ రాయి" అని వెళ్ళిపోయాడు. మంచి మాటలు మీరు ఎలాగూ రాస్తారు. అందుకని నేను వేరే సంగతి రాస్తున్నాను. ఇది పుస్తకంలో వేయకండి. మీరు చదివితే చాలు.

మామ పని మీకు తెలిసిందే. హైవే మీద దెబ్బతిన్న లారీల ఇంజన్లను కోదాడలో కొని తెచ్చి, పూర్తిగా విప్పి, కృష్ణ మీద తిరిగే లాంచీలకు తయారు చేసేవాడు. పెద్ద స్లీవులు, పెద్ద పిస్టన్లు వేసేవాడు. ఇంకో లారీ నుంచి తీసిన టర్బో ఎక్కించేవాడు. ఫ్యాను తీసేసి నది నీళ్ళతోనే చల్లబడేలా పైపులు తిప్పేవాడు. డ్యాం గేట్లు ఎత్తిన రోజుల్లో కూడా ఏటికి ఎదురు పోయేంత బలం వచ్చేది. "లారీకి దిగుడన్న ఉంటది, జర ఊపిరి తీస్కుంటది. పడవకు దిగుడు లేదు, ఒడ్డు దాక ఎక్కుడే" అనేవాడు. "నీళ్లల్ల ఆగితే తోసెటందుకు మనుషులుండరు" అని కూడా అనేవాడు. ఈ రెండు మాటలు నాకు ఇష్టం. ఆయన నోటి నుంచి వచ్చినవాటిలో నాకు ఇష్టమైనవి ఈ రెండే.

నేను త్రిపురారం పక్క పల్లె నుంచి వచ్చాను. మా నాన్నకు గొర్రెలున్నాయి. పెళ్ళయి వచ్చిన మొదటి వారమే మామ అత్తతో, నాకు వినబడేలా, "గొర్ల మందల తిరిగినదాన్ని తెచ్చినం, గడ్డి వెయ్యి, తింటది" అన్నాడు. మా ఇంట్లో కోడలు మామ ఎదుట కూర్చోకూడదు, నోరు విప్పకూడదు. ఆయన కూడా నాతో నేరుగా మాట్లాడడు. తిట్టాలంటే ఇంజన్‌ను చూస్తూ తిట్టేవాడు. "ఈ ఇంట్ల చాయ్ల చక్కెర వెయ్యాలని ఎవలకు తెల్వదు" అని సిలిండర్ హెడ్డుకు చెప్పేవాడు. నేను చక్కెర వేసుకొచ్చి గ్లాసు నేల మీద పెట్టి వెళ్ళేదాన్ని. అయిదేళ్ళు అలా గడిచాయి. ఆ అయిదేళ్ళూ షెడ్డులో సామాన్లు కడిగింది నేనే.

ఇంజన్‌లో ఆరు కనెక్టింగ్ రాడ్లుంటాయి. ఒక్కోదానికి కింద ఒక్కో క్యాపు ఉంటుంది. దేని క్యాపు దానికే పట్టాలి. మారితే బేరింగు పట్టేసి, రాడ్డు విరిగి, బ్లాకు పగులుతుంది. అందుకే మామ విప్పేటప్పుడే పంచుతో చుక్కలు కొట్టేవాడు. మొదటి రాడ్డుకు ఒక చుక్క, దాని క్యాపుకు ఒకటి, రెండోదానికి రెండు, అలా ఆరు దాకా.

ఆ అయిదో ఏడాది కోదాడ వైపు నుంచి ఒక లాంచీ ఓనరు పెద్ద ఇంజన్ పని ఇచ్చాడు. మిరప ఏరడానికి అవతలి ఒడ్డుకు పోయే కూలీలను దాటించే లాంచీ అది. మా అమ్మ కూడా అందులోనే పోయేది. మామ క్యాపులన్నీ బిగించాక, నూనె తుడవడానికి నేను గుడ్డ పట్టుకుని వెళ్ళాను. రెండో రాడ్డు మీద నా వేలికి రెండు చుక్కలు తగిలాయి. దాని క్యాపు మీద మూడు తగిలాయి. పక్కదాన్ని తడిమాను. రాడ్డు మీద మూడు, క్యాపు మీద రెండు. అప్పటికే ఆయన కళ్ళకు పొర కమ్మింది. ఎవరికీ చెప్పలేదు కానీ, చాయ్ గ్లాసు కోసం చేయి తడుముకోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఇనప కడ్డీ పెట్టి చేత్తో ఇంజన్ తిప్పినప్పుడు బరువుగా తిరిగింది. "కొత్త బేరింగులు గద, నడిస్తె అదే లూజయితది" అన్నాడు.

అత్తకు చెప్పాను. "మామకు నేర్పెటందుకు వచ్చినవా? నోర్మూసుకొని కూర వండు" అంది. మా ఆయన పంపు పని మీద సూర్యాపేటలో ఉన్నాడు. ఫోన్ చేస్తే నవ్వాడు. "నాయినకు తెల్వదానె?" అన్నాడు. ఇక ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబరు మూసేస్తే లోపల ఏముందో ఎవరికీ కనబడదు. మర్నాడే ఇంజన్‌ను రేవుకు తీసుకుపోతారు.

ఛాంబరు లోపల ఆయిల్ పీల్చే స్ట్రైనర్ ఉంటుంది, మా ఇంట్లో దాన్ని జల్లెడ అంటాం. లాంచీలో ఇంజన్ వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి, దానికి మామ తన చేత్తో పైపు వంచి, సూర్యాపేటలో అతికించుకొచ్చాడు. అలాంటిది బజారులో దొరకదు, అది లేనిదే ఛాంబరు మూయడానికి లేదు. నేను దాన్ని తీసుకుపోయి బియ్యం డ్రమ్ములో, బియ్యం అడుగున పెట్టాను.

షెడ్డంతా తిరగేశారు. ఓనరు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఏవండీ మేస్త్రిగారూ, రేపు రేపంటూ మూడు రోజులు చేశారు. రేవులో కూలోళ్ళు నన్ను తిడుతున్నారండీ" అన్నాడు.

మామ అత్త మీద అరిచాడు. "అడుగు, నీ కోడల్నే అడుగు! కడిగేది అదే గద! గొర్ల కాడికే పంపిస్త దీన్ని. ఇయ్యాలనే బస్సెక్కిస్త!"

నేను నిజంగానే బట్టలు సర్దుకున్నాను. కానీ జల్లెడ తియ్యలేదు.

మధ్యాహ్నం ఆయన వంటింటి గడప దాకా వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ అక్కడికి రాలేదు. "ఏడ వెట్టినవ్?" అన్నాడు. నాతో నేరుగా అన్న మొదటి మాట అది. కొంగు కప్పుకుని షెడ్డుకు నడిచాను. ఆయన నా వెనక వచ్చాడు. రెండో రాడ్డు మీద వేలు పెట్టి, "మీద రెండు, కింద మూడు మామా" అన్నాను.

ఆయన వంగి, బొటనవేలి గోరుతో తడిమాడు. మళ్ళీ తడిమాడు. పక్కదాన్నీ తడిమాడు.

"నీకెట్ల ఎర్కయింది?"

"మాతాన గొర్ల చెవులకు గాట్లు వెడ్తరు. చీకట్ల చేత్తోనే గుర్తువడ్తం."

"జల్లెడ తే" అన్నాడు. నేను తెచ్చేసరికి నట్లు విప్పుతున్నాడు. ఓనరు తొంగి చూసి, "ఏమైందండీ?" అన్నాడు.

"ఏంలేదు. మా కోడలికి అక్కల్ తక్కువ. జల్లెడ దాసింది, ఆటలనుకున్నది."

అంతే. తప్పు ఆయనది, సిగ్గు నాది. ఆ మాట మీ అందరి దాకా వచ్చింది. నేను చాయ్ తెస్తే, "ఉస్తాద్, స్పానర్లు జర పైలం, జల్లెడ దొంగ వచ్చింది" అని మీలో ఒకరు అంటే మిగతావాళ్ళు నవ్వారు. ఎవరన్నారో నాకు గుర్తుంది, పేరు రాయను. మామ కూడా నవ్వాడు. అది నేను ఇప్పటికీ మరిచిపోలేదు. చనిపోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు. నాకు పోవడం లేదు.

ఇంజన్ సరిచేసి రేవుకు పంపారు. మా అమ్మ ఆ లాంచీలోనే మిరపకు పోయివచ్చింది. "మీ మామ చేతి ఇంజనంట బిడ్డా, ఏం జోరుగ పోతుందో" అని ఫోన్‌లో చెప్పింది. నేను ఊఁ కొట్టాను.

తర్వాత ఇంకో ఇంజన్ వచ్చింది. విప్పిన రోజే మామ దాని జల్లెడ తీసుకొచ్చి వంటింటి గడప మీద పెట్టాడు. పెట్టి వెళ్ళిపోయాడు. ఎందుకో నాకు ముందు అర్థం కాలేదు. క్యాపులు బిగించిన రోజు, బీడీ వెలిగించుకుని షెడ్డు బయటికి పోయి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. అప్పుడు అర్థమైంది. నేను వెళ్ళి ఆరింటినీ తడిమి చూసి, జల్లెడ ఇంజన్ పక్కన పెట్టి వచ్చాను. ఆయన లోపలికి వచ్చి ఛాంబరు మూశాడు.

అప్పటి నుంచి ఆయన మూసిన ప్రతి ఇంజన్ అలాగే మూశాడు. నేను జల్లెడ ఇవ్వకపోతే ఆయన మూయలేడు. ఆ ఏర్పాటు ఆయనే చేసుకున్నాడు. తిట్లు మాత్రం ఆగలేదు. చాయ్‌లో చక్కెర గురించి సిలిండర్ హెడ్డుకు చెప్పడమూ ఆగలేదు. ఇన్నేళ్ళలో రెండుసార్లు చుక్కలు కలవక నేను జల్లెడ ఇవ్వలేదు. రెండుసార్లూ ఆయన మళ్ళీ విప్పాడు.

ఇప్పుడు ఈ సంగతి మీకు తెలిసింది. నేను దొంగను కానని మీరు తెలుసుకుంటే నాకు చాలు, బయట చెప్పకండి. రేవులో జనం మామ చేతి ఇంజన్ అని ధైర్యంగా లాంచీ ఎక్కుతారు. మా అమ్మ కూడా అలాగే ఎక్కుతుంది. వాళ్ళకు ఆ ధైర్యం ఉండనివ్వండి.

ఆఖరి వారం జావ పట్టుకుని దవాఖానకు పోయాను. అప్పటికి ఆయనకు చూపు పూర్తిగా పోయింది. గాజుల చప్పుడు విని ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. కాసేపటికి ఆ గోడనే అడిగాడు.

"షెడ్ల విప్పిన ఇంజనుండె. దాని జల్లెడ ఎవలతాన ఉన్నది?"

"నాతాన్నే ఉన్నది మామా."

"ఉండనీ" అన్నాడు. జావ గ్లాసు కోసం చేయి చాపాడు. తప్పు వైపు చాపాడు. నేను గ్లాసును ఆ చేతి దగ్గరికి తీసుకుపోయాను.

చదివారు కదా, ఈ కాగితం కాల్చేయండి.