వెనక్కి నడిచే బ్యాండు మాస్టారు

నాకు అక్షరాలు వచ్చేసరికి మనవలు పుట్టారు. లేకపోతే రాయచూరు బ్యాండు మాస్టారి గురించి ఎప్పుడో రాసేదాన్ని.

కాలవ కింద సేద్యానికి ఆంధ్రా నుంచి వలసొచ్చి కట్టుకున్న మా క్యాంపులో ఇప్పటికీ ఆయన మాట వస్తే వాదనే. "చేతిలో బూర కూడా లేదు. గాల్లో చెయ్యి ఊపితే గొప్పేంటి?" అంటాడు మా మరిది. రాయచూరు బట్టలకొట్టు శెట్టిగారు ఊరుకోరు. "గాయన చెయ్యి లేస్తే బజారంత నిలవడి ఇంటుండె. నీకేం ఎరుక?"

వాళ్లకి ఆ చెయ్యి లేవడం గుర్తు. నాకు దిగడం గుర్తు.

కాలవకి నీళ్లొచ్చిన కొత్తలో మా వీధిన ఒక పెళ్లి ఊరేగింపు వచ్చింది. మాస్టారు ఎప్పటిలాగే బ్యాండువాళ్లకేసి తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. జ్వరంతో ఏడ్చి ఏడ్చి అప్పుడే నిద్రపోయిన పాపను భుజాన వేసుకుని నేను గుమ్మంలో నిలబడ్డాను. పెళ్లిమేళాన్ని ఆపమని ఎలా అడుగుతాను? ఆయన ఒక్కసారి నావైపు చూసి చెయ్యి దించారు. బూరలూ డోళ్లూ ఆగిపోయాయి. అందరూ మెల్లగా మా ఇల్లు దాటారు. కాలవ వంతెన దగ్గర మళ్లీ చెయ్యి లేచింది. పాట ఆగినచోటి నుంచే అందుకుంది.

పెళ్లికొడుకు తండ్రి కేకలు మా గుమ్మం దాకా వినిపించాయి. "శుభమా అని ఊరేగుతుంటే మేళం ఆపుతావా? ఇంకెప్పుడూ మా క్యాంపులో అడుగుపెట్టకు!"

"ఆపింది నేను. ఆళ్లనేమనకుండ్రి సామీ" అన్నారు మాస్టారు. ఎందుకు ఆపారో మాత్రం చెప్పలేదు.

మర్నాడు పొద్దునకి జ్వరం దిగింది. పాపను ఎత్తుకుని పెళ్లిపందిట్లోకి వెళ్లాను. "మేళం ఆగింది దీని నిద్ర కోసమండీ, బాబాయిగారూ" అని పెళ్లికొడుకు తండ్రికి అందరి ముందూ చెప్పి, సామాను సర్దుకుంటున్న మాస్టారి చేతుల్లో పాపను పెట్టాను.