పడుగుకు కంటిచుక్క

మగ్గంలో నిలువుగా సాగే పడుగు పోగు తెగితే నేతగాడు చోటు వదిలి లేవడు. వేలికొసను నాలుకకు ఆనించి, తెగిన రెండు కొసలనూ కలిపి పురి పెడతాడు. అతుక్కుంటుంది. మా నాయన నాకు నేర్పిన మొదటి పని అదే. మా నగరి ఊళ్ళో అరవై ఏళ్ళుగా అలాగే అతికించాను. ఉమ్మి కూడా ఒక పనిముట్టేనని, అది పోయేదాకా నాకు తెలియలేదు.

మూడేళ్ళ కిందట కళ్ళలో ఇసుక పోసినట్టు మొదలైంది. తర్వాత నోరు ఎండింది. కంటి డాక్టరు కన్ను చూసి, నూలు దుమ్మన్నాడు. పళ్ళ డాక్టరు నాలుగు పళ్ళు పీకి, వయసన్నాడు. కన్నూ నోరూ ఒకే మనిషివని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. నేను బడికి పోయినవాణ్ణి కాను. చీరలకు చుట్టే పాత పేపర్లలో అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నాకే వచ్చింది ఆ అనుమానం. చెబితే నవ్వారు. ఆ నవ్వు ఇంకా మర్చిపోలేదు.

చివరికి తిరుపతిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ అడిగింది.

"నీళ్ళు తాగకుండా అన్నం మింగగలరా తాతా?"

"అట్లా మింగి రెండేండ్లయిందమ్మా."

రక్తపరీక్షలు చూసి చెప్పింది. ఒంటిని కాయాల్సిన శక్తే దారి తప్పి, తడి పుట్టించే గ్రంథుల మీద పడిందట. పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాలంది. మాత్రలు, గుక్క గుక్కగా నీళ్ళు, కన్నీళ్ళకు బదులు కంట్లో వేసుకునే చుక్కల మందు. నాకు ఏమీ అనిపించలేదు. బస్సెక్కి వచ్చి మగ్గంలో కూర్చున్నాను.

పోగు తెగింది. అప్పటిదాకా ఏదో కాస్త తడి తగిలేది, ఆ రోజు నాలుకకు ఆనించిన వేలు పొడిగానే వచ్చింది. చెంబులో ముంచితే తడి ఎక్కువై, నూలుకు పట్టించిన గంజి కరిగి చీర మీద మరక పడింది. రెండో చీరకూ అంతే. మగ్గం షావుకారుది.

"ఇంగొక మరక పడితే మగ్గం వేరేవాళ్ళకిస్తా, పెద్దాయనా. ఇంట్లో కుదురుగా కూసో," అన్నాడు.

కూర్చుని ఏం చేయాలో ఆయన చెప్పలేదు.

మూడో చీర సగంలో మళ్ళీ తెగింది. జేబులోంచి కంటిమందు సీసా తీసి, వేలి మీద ఒకే చుక్క వేసుకుని పురి పెట్టాను. కాస్త జిగురుగా ఉంటుందది. పోగు నిలిచింది, మరక పడలేదు. పక్క మగ్గం అతను, నా ఈడువాడే, నేత బిగించే పలక కొట్టడం ఆపి చూశాడు.

"ఏమప్పా, సీరకి కండ్లకలక వచ్చిండాదా?"

"నీ నోటికి రాకపాయనే అబ్బా. కొంచేపన్నా మూసుకుందువు."

చీర శుభ్రంగా దిగింది. షావుకారు వెలుతురుకు పట్టి అంచు నుంచి అంచుకు చూశాడు. కొత్త పడుగు ఇచ్చాడు.

సీసా అడుగున కొన్ని చుక్కలే మిగిలాయి. తిరుపతికి పోయి కొత్త సీసా తెచ్చుకునేది వచ్చే వారం. కళ్ళు మండుతున్నాయి, ఎవరి కళ్ళో మండుతున్నట్టు. కంట్లో వేసుకోకుండానే మూత బిగించి, సీసాను పడుగు పక్కన చేతికి అందేటట్టు పెట్టుకున్నాను.