ఇంజిన్ లైటు తెచ్చిన మాట

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. అనంతపురం జిల్లా బెళుగుప్పకు దగ్గర్లోని ఒక పల్లెలో పెద్ద రైతు దగ్గర నేను డ్రైవరుని. ఆయనకు వేరుశనగ వేసే మెట్ట భూములు, వాటికి తోడు మండల రాజకీయం. అంతవరకూ పాత జీపుతో నెట్టుకొచ్చిన మనిషి ఆ ఏడు కొత్త పెద్ద బండి కొన్నాడు. పాత జీపుకు జబ్బు చేస్తే చెవి ఒగ్గి వింటే తెలిసిపోయేది. కొత్తదానికి లోపల కంప్యూటరు. ఏదైనా తేడా వస్తే స్టీరింగు ముందర ఇంజిన్ బొమ్మతో పసుప్పచ్చ లైటు వెలుగుతుంది. తేడా ఎక్కడో మాత్రం చెప్పదు.

కొన్న నాలుగో నెలలో ఆ లైటు వెలిగింది. వెలగగానే బండి పట్టు వదిలేసింది. ఎంత తొక్కినా ముక్కుతూ మూలుగుతూ నడిచింది. కాసేపటికి లైటు దానంతటదే ఆరిపోయి, బండి ఏమీ ఎరగనట్టు పరుగెత్తింది. అనంతపురం షోరూముకు తీసుకుపోతే వాళ్ల ముందు ఒక్కసారీ వెలగలేదు. మూడుసార్లు పోయాం, మూడుసార్లూ అంతే. నాలుగోసారి అక్కడి ఇంజనీరు తన యంత్రం తగిలించి, బండి కంప్యూటరులో దాగిన పాత తప్పులు బయటికి తీశాడు. డీజిల్ ప్రెషరు సరిగా లేదని వచ్చింది.

"డీజిల్‌లో ఏందో కలుస్తాండాది సార్. కిరసనాయిలు కావచ్చు. డ్రైవర్ను ఒక కంట కనిపెట్టండి" అన్నాడు యజమానితో, నేను పక్కనే నిలబడి ఉండగానే.

ఇంటికి చేరాక, పనుల కోసం వచ్చి అరుగు మీద కూర్చున్న పదిమంది ముందర యజమాని నన్ను అడిగాడు.

"డీజిల్ యాడ పోయిస్తాండావప్పా?"

"ఎప్పుడూ పోయించే బంకులోనే, అన్నా."

"ఆ బంకులో ఊరంతా పోయించుకుంటాండారు. ఎవురి బండికీ రాని రోగం మన బండికే ఎట్లొచ్చె?"

అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. మా దిక్కు డ్రైవర్లలో డీజిల్ తీసి అమ్ముకుని కిరసనాయిలు కలిపేవాళ్లు లేరని నేను అనను. నేను ఆ జాతి కాదు. కానీ అది అరిచి చెబితే ఎవరు నమ్ముతారు? ఉద్యోగం పోతే ఇంకో బండి దొరుకుతుంది. డీజిల్ దొంగ అని పేరు పడితే అనంతపురం నుంచి కదిరి దాకా ఎవ్వరూ తాళాలు చేతికివ్వరు. ఆ క్షణాన పట్టుబట్టాను. ఈ లైటు ఎందుకు వెలుగుతోందో షోరూము వాళ్లు కనిపెట్టలేకపోతే నేనే కనిపెడతాను.

ఇంట్లో నా భార్యకు మాత్రం కారణం ముందే తెలుసు.

"కరువులో అంత బండి కొంటే ఊరి కండ్లు ఊరికే ఉంటాయా? దిష్టి అది" అనేది.

బండి కొన్న నెల నుంచీ ఆమె ప్రతి అమావాస్యకూ నల్లదారానికి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి ఇచ్చేది, నేను బండికి కట్టేవాణ్ణి. మొదట ముందు బంపరుకే కట్టాను. పొలాల దారుల్లో సర్కారు తుమ్మ కంపలు తగిలి వారం తిరక్కుండానే తెగిపోయేది. దాంతో బానెట్టు ఎత్తి లోపల కట్టడం మొదలుపెట్టాను. లైటు వెలగడం మొదలయ్యాక ఆమె రెండు నిమ్మకాయలు గుచ్చింది. నన్ను దొంగ అన్నాక మూడు గుచ్చింది.

నేను గోడ క్యాలెండరు పట్టుకున్నాను. లైటు వెలిగిన ప్రతిరోజూ ఆ తేదీ గడిలో పెన్నుతో ఒక గీత. ఎన్నో మైలు, ఏ దారి, ఎండా, చల్లటి వేళా అన్నీ పక్కన రాసేవాణ్ణి. డీజిల్ పోయించిన రోజులకు సున్నా చుట్టేవాణ్ణి. మూడు నెలలు ఒక్కరోజూ తప్పలేదు. సున్నాలకూ గీతలకూ పొత్తే కుదరలేదు. ఎండకూ వానకూ కూడా కుదరలేదు, వాన ఎటూ రాలేదనుకోండి. ఒకనాడు అన్నం తింటూ గోడ వైపు చూస్తే గీతలన్నీ నల్ల చుక్కల వెనకే గుంపులు గుంపులుగా ఉన్నాయి. నల్ల చుక్క అంటే అమావాస్య. అమావాస్య వెళ్లిన వారం పదిరోజులు గీతలు, ఆ తర్వాత ఖాళీ.

నా భార్య కూడా చూసింది.

"చెప్తే వింటివా? అమావాస్యకే దిష్టి ముదురుతాది. ఈసారి ఐదు కడదాం" అంది.

ఆమె మాట సగం నమ్మాను కూడా. కానీ బండిలో ఉండే కంప్యూటరుకు అమావాస్య ఎట్లా తెలుస్తుంది? మిగతా రోజుల్లో చేయనిది అమావాస్యనాడు నేను ఏం చేస్తున్నాను? చేయి కూడా కడుక్కోకుండా లేచి, యజమాని ఇంటి షెడ్డుకు పోయి బానెట్టు ఎత్తాను.

మూడు నిమ్మకాయలూ వైర్ల కట్టకు వేలాడుతున్నాయి. కట్టడానికి వీలుగా ఉందని ఆ కట్టను ఎంచుకున్నది నేనే. దాంట్లోంచి ఒక పాయ విడిపోయి, డీజిల్ ప్రెషరు చూసే సెన్సారుకు పోయి ప్లగ్గులో దూరుతుంది. ఇంజిన్ స్టార్టు చేసి దారం పట్టి లాగాను. స్టీరింగు వైపు తొంగి చూస్తే పసుప్పచ్చ లైటు. పచ్చి కాయలు బరువు, గతుకుల్లో ఊగి ప్లగ్గును లాగుతాయి. పదిరోజులకు ఎండి తేలికైపోతాయి, లైటు నిద్రపోతుంది.

అయినా తొందరపడలేదు. దారం కోసి పారేసి, ప్లగ్గు గట్టిగా నొక్కి, రాబోయే అమావాస్య దాటే దాకా అధ్వాన్నమైన దారులన్నీ వెతుక్కుని తోలాను. లైటు లేదు. మళ్లీ మూడు పచ్చి కాయలు అక్కడే కట్టాను. నాలుగో మైలులో వెలిగింది.

సంతోషం కంటే సిగ్గు ముందు వచ్చింది. ఇన్నాళ్లూ నా చేతులతో నేనే మాట తెచ్చుకున్నాను. నా భార్య భయపడింది.

"తీసేసి గమ్మునుండు. లైటు రాకపోతే ఎవురడుగుతారు?" అంది.

నిజమే, ఎవరూ అడగరు. కిరసనాయిలు కలపడం మానేశాడు, అందుకే బండి బాగైంది అనుకుంటారు. అది తలుచుకుంటే అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున అరుగు నిండా మనుషులున్నప్పుడు బండి తెచ్చి ముందర నిలిపాను. యజమానిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, బానెట్టు ఎత్తి దారం లాగాను. లైటు వెలిగింది. వదిలాను, ఆరింది. అట్లా ఐదారుసార్లు. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో దాచకుండా చెప్పాను. అరుగంతా పడీ పడీ నవ్వింది. ఈసారి నాకు కోపం రాలేదు.

యజమాని దిగి నా భుజం తట్టాడు.

"నిమ్మకాయలప్పా! సరేపో, అయిందేదో అయింది. రేపు పొద్దున్నే కదిరికి పోవల్ల, తొందరగా రా."

నేను తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టి, రేపటి నుంచి రానన్నాను.

"ఇదేందప్పా? దొంగవు కాదని తేలిపోయె గదా, ఇప్పుడు పోతానంటావేమి?"

"తేలినందుకే పోతాండా అన్నా. మీరు ఆ మాట అడిగిన నాడే పోయింటే, దొంగ పోయినాడనింటారు."