అడ్డం ఏడు, మూడక్షరాలు

ఆరంతస్తుల ఆ ఆఫీసులో అతన్ని అందరూ నిఘంటువు అనేవాళ్ళు. ఉద్యోగం మాత్రం లిఫ్టు నడపడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుండ్రటి స్టూలు మీద కూర్చుని పైకీ కిందికీ తిరగడమే. నిలువు తప్ప అడ్డం లేని బతుకని తన మీద తనే జోకు వేసుకునేవాడు.

పదో తరగతి రెండుసార్లు తప్పాక పాతపేపర్ల కొట్టులో అతనికి అట్ట ఊడిన నిఘంటువొకటి దొరికింది. పేపర్లో రోజూ వచ్చే గళ్ళనుడికట్టు దాని సాయంతోనే పట్టుబడింది. ఆధారం పైకి ఒకటి చెబుతుంది, లోపల ఇంకొకటి దాస్తుంది. "తల తిరిగిన తీగ" అంటే తీగకి కళ్ళు తిరగడం కాదు. తల అన్న మాటని తిప్పి రాస్తే లత. ఈ కిటుకు డిగ్రీలున్నవాళ్ళకి తట్టదు, తనకి తడుతుంది. ఆ సంగతి రోజూ వాళ్ళ చేత ఒప్పించుకుంటే గానీ అతనికి అన్నం సయించేది కాదు. సమాధానాలూ, అవి ఎలా వచ్చాయో వివరణా తెల్లకాగితం మీద రాసి మర్నాడు లిఫ్టులో అంటించేవాడు. పెద్ద గుమాస్తా కూడా కళ్ళజోడు సవరించుకుని మరీ చదివేవాడు.

ఆ వివరణలు కాగితం మీదకి రాకముందు వినేది అతని తల్లి. తెల్లారి స్టవ్వు ముందు ఆమె గరిట తిప్పుతుంటే, గడప మీద కూర్చుని ఒక్కో ఆధారం చదివేవాడు.

"తల అంటే మొదటి అక్షరం అమ్మా. తోక అంటే చివరిది. నడుం అంటే..."

"నడుం సంగతి నాకు చెప్పకురా, రోజంతా వంచేది నేనేగా," అనేది.

ఆమె కూడా ఆ ఆఫీసులోనే ఊడ్చేది. ఆమె తన తల్లని అక్కడ ఎవరికీ తెలియదు. అతను ఉద్యోగంలో చేరిన రోజు గేటు ఇంకా వంద గజాలుందనగా ఆమె ఆగిపోయి, "ఇక్కణ్ణుంచి నువ్వెవరో నేనెవరో. ఊడ్చేదాని కొడుకంటే నీ మాట ఎవడు వింటాడురా?" అంది. కాదనడానికి అతనికి వంద గజాల వ్యవధి ఉంది. "సరే," అన్నాడు. అంత తొందరగా అన్నందుకు ఆ రోజు సిగ్గుపడ్డాడు. తర్వాత అలవాటైపోయింది.

మూడేళ్ళ తర్వాత ఒక మంగళవారం అడ్డం ఏడు ఇలా వచ్చింది: "చీమ తలకి తోక తెగిన పురుగుని అతికిస్తే మూల నిలబడుతుంది." మూడక్షరాలు. చూడగానే తెలిసిపోయింది. కానీ తల్లి ముందు ఆ మాట పలకబుద్ధి కాలేదు. ఆరు తర్వాత ఎనిమిది చదివాడు.

పదిగంటలకి లిఫ్టు కిక్కిరిసి ఉంది. మోకాలి నొప్పితో మెట్లెక్కలేక ఆ రోజు ఆమె కూడా ఎక్కింది. బకెట్టూ చీపురూ పట్టుకుని వెనక మూలకి ఒదిగింది.

"ఏమయ్యా నిఘంటువూ, అడ్డం ఏడు ఏంటయ్యా? చీమ తలకి తోక తెగిన పురుగుని అతికిస్తే మూల నిలబడుతుందిట! పొద్దున్నుంచీ బుర్రలో చీమలూ పురుగులూ పాకుతున్నాయి," అన్నాడు పెద్ద గుమాస్తా.

లిఫ్టు గోడకున్న అద్దంలో అతని కళ్ళు మూలకి వెళ్ళాయి. సమాధానం చెబితే అందరూ అటే తిరుగుతారు.

"అది... రాలేదండీ."

"రాలేదా!" టైపిస్టు చప్పట్లు కొట్టింది. "ఇవాళ తేదీ రాసిపెట్టుకోండి సార్!"

"అట్ట ఊడిన నిఘంటువు కదమ్మా, ఆ పేజీ కూడా ఊడిపోయుంటుంది," అన్నాడు పెద్ద గుమాస్తా.

అందరూ నవ్వుతుంటే ఆమె చూడలేకపోయింది. "చీపురు కదండీ," అంది మూలనుంచి. "చీమకి తల చీ. పురుగుకి తోక తీసేస్తే పురు."

నవ్వులతో లిఫ్టు ఊగిపోయింది. "నిఘంటువుని చీపురు ఊడ్చేసిందిరోయ్!"

అతని చెవులు కాలిపోయాయి. నోరు జారిందనడానికి లేదు; చూసుకుని, ఎంచుకుని మరీ అన్నాడు.

"ఆవిడకి తెలిసిన మాట అదొక్కటే కదండీ. ఆవిడ అదృష్టం కొద్దీ ఇవాళ పేపర్లోకొచ్చింది."

అందరికన్నా ముందు ఆమే నవ్వింది. "అవును బాబూ, నాకింకేం తెలుసు," అని నాలుగో అంతస్తులో దిగిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె దాని ఊసే ఎత్తలేదు. అడిగి అడిగి అన్నం వడ్డించింది. మర్నాడు తెల్లారి అతను పేపరు విప్పితే మాత్రం, "గిన్నెల చప్పుట్లో వినబడదులేరా, నువ్వు చదువుకో," అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ రోజు కాగితం మీద "చీ, పురు: చీపురు" అని రాసి, పక్కన "చెప్పింది మా అమ్మ" అని చేర్చాడు. రెండుసార్లు కొట్టేశాడు. మూడోసారి అలాగే ఉంచి, లిఫ్టులో అంటించాడు.

పెద్ద గుమాస్తా కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఓహో, ఇంటికెళ్ళి మీ అమ్మగార్నీ అడిగావన్నమాట! ఆవిడా అదే చెప్పారా? ఏం చదువుకున్నారయ్యా మీ అమ్మగారు?"

అతను నోరు తెరిచేలోపు మూడో అంతస్తు వచ్చింది. తలుపు జరిగింది. ఎదురుగా బకెట్టుతో ఆమె.

"ఎక్కమ్మా," అన్నాడు. ఆ కప్పు కింద ఆమెని అమ్మా అనడం అదే మొదలు.

పెద్ద గుమాస్తా కాస్త జరిగి చోటిచ్చాడు, అంతే. ఏ ఆడమనిషినైనా అమ్మా అనే కదా అంటాం. అందులో దాచిందేదీ ఆయనకి కనిపించలేదు.

ఆమెకి కనిపించింది. అతని ముఖంలోకి ఒకసారి చూసి, తల దించుకుంది. "వద్దు బాబూ. మెట్ల మీద పోతాలే."

బాబూ అన్నదీ అందరినీ అనే మాటే.

"చెప్పవేంటయ్యా, ఏం చదువుకున్నారు?"

మూడేళ్ళుగా ప్రతి మాటకీ వివరణ ఇచ్చినవాడు, అమ్మ అన్న ఈ ఒక్క మాటకి ఇస్తే చాలు. ఆమె అప్పటికి రెండు మెట్లే ఎక్కింది, మోకాలు పట్టుకుని.

అతను మీట నొక్కాడు. తలుపు మూసుకుంది.

"పెద్దగా ఏం చదవలేదండీ," అన్నాడు.