నీళ్ళు రాకముందే నేర్చుకున్న సైకిల్

మా ఊరి పిల్లలందరం సైకిల్ నేర్చుకుంది చెరువులోనే. చెరువు కట్ట మీద కాదు, చెరువులో. కోస్తా వాళ్ళకు ఈ మాట చెబితే నేనేదో వేళాకోళం ఆడుతున్నానని అనుకుంటారు. నీళ్ళు లేని చెరువంత మంచి మైదానం మా వైపు ఇంకోటి లేదు. మెత్తటి ఒండ్రు మట్టి, పడినా మోకాలు చెక్కుకుపోదు. బండ్లు రావు. కట్ట అడ్డం ఉంటుంది కాబట్టి ఆడపిల్ల లంగా ఎగదోపుకుని సైకిల్ తొక్కుతుంటే ఊరికి కనబడదు. అందుకే మా నాయన నన్ను అక్కడికి తీసుకుపోయేవాడు. అది ఆయన సైకిల్, నా భుజం ఎత్తు ఉండేది. సీటు మీద కూర్చుంటే కాళ్ళు అందవు కనుక కడ్డీ కింద నుంచి ఒక కాలు దూర్చి తొక్కేదాన్ని. ఆయన వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తేవాడు.

"బిన్నా నేర్చుకోమ్మా, ఆలిస్యం చేయొద్దు. నీళ్ళొచ్చినాయంటే ఈడ చోటుండదు" అనేవాడు.

నాకు నవ్వొచ్చేది. బుద్ధెరిగాక ఆ చెరువు నిండగా నేను చూడలేదు. ఎప్పుడైనా గట్టి వాన పడితే తూము దగ్గర మడమ తడిసేంత నీళ్ళు నిలిచేవి. పది రోజులకు మళ్ళీ పగుళ్ళే. అయినా నాయన అదే మాట, నవ్వకుండా అనేవాడు. నన్ను తొందరపెట్టడానికి అంటున్నాడో, నిజంగానే నీళ్ళొస్తాయని నమ్ముతున్నాడో నాకు తెలిసేది కాదు. ఆయనకు ఇంకో మాట కూడా ఉండేది. "నేను పట్టుకోనుండా, నువ్వు తొక్కు." పట్టుకునే ఉన్నాననే ఆ మాట మాత్రం పచ్చి అబద్ధం. ఒకరోజు చెరువు నడుమ దాకా పోయి వెనక్కి చూస్తే, ఆయన ఎక్కడో తూము దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చూసీ చూడగానే పడ్డాను.

అలా నేర్చిన సైకిల్ మీదే ఇన్నేళ్ళూ టీచరుగా బడికి పోయాను. తోటివాళ్ళంతా స్కూటీలకు మారారు, నేను మారలేదు. అందులో కొంచెం పొగరు కూడా ఉంది, ఒప్పుకుంటాను. ఈ ఏడాది బడులు తెరిచిన కొత్తలో, రాప్తాడు దగ్గర హైవే పక్కనున్న చిన్న రోడ్డు మీద పోతున్నాను. ఒక కారు నన్ను దాటి ముందుకు పోయినట్టే పోయి, సిగ్నలు వేయకుండా ఎడమకు తిరిగింది. నేనొక వైపు, అన్నం క్యారేజీ ఒక వైపు పడ్డాం. కుడికాలి ఎముక మోకాలి కింద విరిగింది. ఆ కారాయనే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, ఆ మాట దాచను. దారి పొడుగునా నన్నే తప్పుపట్టాడు, ఆ మాటా దాచను.

"ఏమక్కా, ఈ కాలంలో ఎవురన్నా సైకిలేసుకోని రోడ్డు మీదికొస్తారా?"

"రోడ్డు మీ తాత జాగీరా?" అన్నాను. నొప్పికి కళ్ళు తిరుగుతున్నాయి గానీ, ఆ ముక్క అనకపోయి ఉంటే ఇప్పటికీ నిద్రపట్టేది కాదు.

కాల్లో రాడ్డు వేశారు. నాలుగు నెలలు మంచం, ఆ తర్వాత చేతికర్ర. మా ఆయన వంట నేర్చుకున్నాడు. ఆయన కెలికిన సంగటిలో ఉండలన్నీ కిక్కురుమనకుండా మింగాను. నా సైకిల్ చక్రం సరిచేయించి తెచ్చి గోడకు ఆనించి, "దానికీ కాలు వంకరే, నీకూ కాలు వంకరే. జోడీ బాగుండాది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఎముక అతుక్కుందని డాక్టరు చెప్పిన రోజే సైకిల్ ఎక్కాను. వీధి చివరకు కూడా పోలేదు. వెనక నుంచి ఏదో కారు హారన్ కొట్టింది, నాకు తెలియకుండానే దూకేశాను. మర్నాడూ అంతే. వారం రోజులు అంతే. కాలు బాగానే ఉంది, గుండె నిలవడం లేదు. ఇంక ఈ జన్మకు సైకిల్ లేదేమోనని తోచినప్పుడు, విరిగిన రోజు కూడా ఏడవనిదాన్ని ఏడ్చాను.

అప్పుడు గుర్తొచ్చింది చెరువు. బండ్లు రాని చోటు, పడినా దెబ్బ తగలని చోటు. మళ్ళీ అక్కడ నుంచే మొదలుపెడితే సరి. నేను మంచంలో ఉన్నప్పుడు, ఊళ్ళో సేద్యం చేసుకుంటున్న మా తమ్ముడు ఫోన్‌లో "అక్కా, మన చెరువుకు నీళ్ళొచ్చినాయి" అన్నాడు. "సరేలే, ఇంకిపోకముందే పోయి చూసుకో" అన్నాను. మా చెరువుకు నీళ్ళు రావడమంటే ఎంతో నాకు తెలియదా అనుకున్నాను.

సైకిల్‌ను లగేజీ ఆటోలో వేసుకుని ఊరికి పోయాను. తమ్ముడు కట్ట కింద ఎదురొచ్చాడు.

"యాడికక్కా సైకిలు?"

"చెరువులోకి. ఒక గంట తొక్కుతా."

వాడు నన్ను వింతగా చూశాడు. "చెరువులో యాడ తొక్కుతావు? పైకొచ్చి చూడు."

సైకిల్ తోసుకుంటూ కట్ట ఎక్కాను. అవతలి గట్టు దాకా నీళ్ళే. వాన నీళ్ళు కాదు, కొత్తగా తవ్విన కాలువ నీళ్ళట. నేను పడిన చోటు, నాయన పరిగెత్తిన చోటు అంతా నీళ్ళ కింద ఉంది. సర్కారు తుమ్మల తలలు మాత్రం పైకి కనబడుతున్నాయి. ఇన్నేళ్ళు రాని నీళ్ళు, నాకు చోటు కావలసిన ఏడాదే రావాలా అని మొదట కోపం వచ్చింది. వెంటనే నాయన గుర్తొచ్చి కట్ట మీద కూలబడ్డాను. ఆయన నమ్మే అన్నాడు. ఆయన చూడవలసిన నీళ్ళు నేను చూస్తున్నాను.

"నాయన ఉండింటే దీంట్లో దిగి నిలబడుకోనుండేవాడు" అన్నాడు తమ్ముడు. నన్ను లేపి సైకిల్ క్యారియర్ పట్టుకున్నాడు. "కట్ట మీదే తొక్కక్కా. నేను పట్టుకోనుండా."

కట్ట మీద ట్రాక్టరు పోయేంత దారి ఉంది. ఎక్కి తొక్కాను. వాడి చెప్పుల చప్పుడు కొంత దూరం వినబడి ఆగిపోయింది. దాని బదులు వెనక నిజంగానే ట్రాక్టరు వస్తున్న చప్పుడు మొదలైంది. హారన్ కొట్టింది. హ్యాండిల్ బిగించి పట్టుకున్నాను.

"పట్టుకోనుండాక్కా" అని తమ్ముడు అరిచాడు. ఆ గొంతు ఎక్కడో తూము దగ్గర నుంచి వచ్చింది. అబద్ధమని నాకు తెలుసు. పక్కకు జరిగి ట్రాక్టరుకు దారిచ్చాను గానీ దిగలేదు. ఈసారి వెనక్కి చూడకుండా కట్ట చివరి దాకా తొక్కుకుంటూ పోయాను.