వేపచెట్టు చోటు పెట్టింది నేనే

సూరత్ శివారు భేస్తాన్‌లో ఆ వేపచెట్టు ఎక్కడుందో ఊరందరికీ చెప్పింది ఎనిమిదో తరగతి అమ్మాయి కాదు, నేను.

కరోనా రెండోసారి చెలరేగిన రోజులు. సూరత్‌లో తెలుగు మీడియం పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి. పాఠాలన్నీ ఫోన్లోకి వచ్చాక, చుట్టుపక్కల చెట్లను నేర్పే యాప్ ఒకటి తయారుచేశాను. పిల్లలు ఫొటో తీసి పంపితే తెలుగు, గుజరాతీ పేర్లు చేర్చి మ్యాపులో గుర్తు పెట్టేవాణ్ణి. కింద పంపినవాళ్ల పేరు ఉండేది. నలభై ఆరేళ్ల వయసులో ఇంత నేర్చుకున్నానని గర్వంగా ఉండేది.

ఆ అమ్మాయి పంపింది వాళ్ల వరస గదుల ముందున్న వేప, దాన్ని అల్లుకున్న తిప్పతీగ. కరోనాకు మందని అందరూ వెతుకుతున్న గిలోయ్ అదే. చోటు మాత్రం రాయలేదు. ఫోన్ చేసి అడిగాను.

“అమ్మ వద్దన్నది సార్. ఇప్పుడు గిలోయ్ అంటె జనం ఎగవడ్తుండ్రు.”

“చదువుకునే యాప్ అమ్మా, దొంగలు చూడరు.”

“దొంగలు గాదు సార్, కషాయపోళ్లు.”

ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాడు యాప్‌ను అధికారులకు చూపించాలి. ఒక్క చెట్టుకే గుర్తు లేకపోతే వెలితిగా కనిపించింది. వాళ్ల గదులు నాకు తెలుసు. నేనే పెట్టేశాను.

లింకు వాట్సాప్‌లో తిరిగింది. సచిన్ అనే పక్క ఊరి నుంచి కూడా బైకుల మీద వచ్చారు. తీగతో ఆగలేదు, కొమ్మలెక్కి విరిచారు. ఈ గుంపుతో రోగం అంటుతుందని గదుల యజమాని చెట్టును మొదలంటా కొట్టించాడు. రాత్రంతా మగ్గాల దగ్గర నిలబడి వచ్చిన మగవాళ్లు పగలు పడుకునేది ఆ నీడలోనే. ఎండాకాలం రేకుల గదుల్లో కన్ను మూతపడదు.

యాప్‌లో కనిపించింది ఆ అమ్మాయి పేరు. “ఫోన్ల పేరు రావాల్నని మా నిద్ర చెడగొట్టింది” అన్నారట చుట్టుపక్కల గదులవాళ్లు. తల్లి నాకు ఫోన్ చేసింది.

“సార్, మా పిల్ల పెట్టలేదని గ్రూపుల జర ఒక్క మాట చెప్పుర్రి.”

చెప్తానన్నాను. సాయంత్రం, తల్లిదండ్రులు కూడా ఉండే బడి వాట్సాప్ గ్రూపులో రాసిందేమో ఇది: విద్యార్థులు చోటు వివరాలు పెట్టేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. ఎంతో ఆలోచించి రాసిన వాక్యం. అందులో అబద్ధం లేదు. తప్పు మాత్రం ఆ పిల్లదేనని ఖాయమైపోయింది.

వాళ్లు గది ఖాళీ చేసి సూరత్‌కు అటు చివరనున్న అమ్రోలికి వెళ్లిపోయారు. బడి తెరిచాక ఆ అమ్మాయి రాలేదు.

ఈమధ్య ఆ గదుల దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. పాతవాళ్లు కొద్దిమందే మిగిలారు. ఒకాయన మంచం మీద నుంచి లేవకుండానే, “మాకెందుకు సార్ గిప్పుడు? ఆ పిల్లకు చెప్పు” అన్నాడు.

ఫోన్ చేశాను. ఇప్పుడు కూలికి చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తోందట.

“నేను పెట్టలేదని నాకు తెల్సు గద సార్. వాళ్లకు చెప్పిన్రా?”

“చెప్పానమ్మా.”

“అందరికా?”

ఉన్నవాళ్లకు, అన్నాను.

“మా అమ్మను తిట్టినోళ్లు ఊర్లకు వోయిండ్రు సార్. వాళ్లకెట్ల చెప్తరు?”

వాళ్ల ఊళ్లు కరీంనగర్ వైపని మాత్రమే తెలుసు. వాళ్లలో ఎవరి చేతికైనా చేరుతుందేమోనని ఇది రాస్తున్నాను.